కొట్టేసిన ఒక్క వాక్యం

"ప్రశ్నలు కూడా దిద్దాడు తెక్లా మేడమ్! జవాబులంటే సరే, ఆయనవి, ఆయనిష్టం. నా ప్రశ్నలు కూడా దిద్దాడు!"

బోగ్నా కాగితాలు బల్ల మీద పడేసిన విసురుకి తెక్లా మేడమ్ గ్లాసులో టీ తొణికింది. లుబ్లిన్ ఊళ్ళో ఆ మాసపత్రిక ఆఫీసు పెద్దదేం కాదు. పైన ఎవరైనా తుమ్మితే కింద రొట్టెల కొట్టాయన "నూరేళ్ళు" అంటాడు. ఆ పొద్దున ఉల్లిపాయ రొట్టె కోసం వరసలో నిలబడ్డవాళ్ళందరికీ, ఎవరో ఎవరి ప్రశ్నలో దిద్దేశారని తెలిసిపోయింది.

తెక్లా మేడమ్ ఆ పత్రిక ఎడిటర్. బోగ్నా అందులో ముఖాముఖి పేజీలు రాస్తుంది. నెలకో రచయితనో, చిత్రకారుడినో, పాటలు కట్టేవాడినో కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. ముప్ఫై ఏళ్ళు ఇంకా నిండలేదు గానీ, మనిషి చేత సొంత ఇంట్లో కూడా చెప్పని సంగతులు చెప్పించేస్తుంది. గట్టిది.

"ఇక్కడ నువ్వేం అడిగావు?" అంది మేడమ్ కళ్ళజోడు సర్దుకుని.

"'మీకు చలికాలమంటే ఎందుకంత ఇష్టం?' అని అడిగాను. అయ్యగారు దాన్ని 'మీ సృజనలో ఋతువుల పాత్ర ఏమిటి?' అని మార్చారు. సృజన అనే మాట నా నోటమ్మట ఎప్పుడైనా విన్నారా మీరు?"

"లేదు. విన్న రోజున నిన్ను పన్లోంచి తీసేస్తాను."

మా దేశంలో పత్రికలవాళ్ళకి ఇదో ఆచారం. ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, రాసినదాన్ని అచ్చుకి ముందు వాళ్ళకే పంపాలి. వాళ్ళు చదివి, దిద్ది, ఆమోదం అని సంతకం పెడితేనే వెయ్యాలి. ఎదురుగా కూర్చుని నోరారా మాట్లాడిన మనిషి, తన మాటలు కాగితం మీద చూసుకోగానే బెదిరిపోతాడు. కొందరు ఓ కామా మార్చి ఊరుకుంటారు. కొందరు వాళ్ళావిడకి చూపించి, ఆవిడ చేత దిద్దిస్తారు. సెవెరిన్ లాంటివాళ్ళు పేజీకి పేజీ దున్నేస్తారు.

సెవెరిన్ పిల్లలకి బొమ్మల పుస్తకాలు రాస్తాడు, బొమ్మలూ తనే వేస్తాడు. బస్సులో గంట దూరంలో, విస్తులా నది ఒడ్డున కాజిమియెజ్‌లో వాళ్ళ పిన్నితో ఉంటాడు. ఆ చలికాలం పిల్లలున్న ప్రతి ఇంట్లో అతని 'వెళ్ళని కొంగ' పుస్తకం ఉంది. కొంగలన్నీ దక్షిణానికి ఎగిరిపోయినా, ఒక్క కొంగ మాత్రం పొగగొట్టం మీద, మంచులో, ఎవరికోసమో ఆగిపోతుంది. ఎవరికోసమో పుస్తకంలో లేదు.

జనవరిలో బోగ్నా అతని దగ్గరికి వెళ్ళింది. దారిలో మినీబస్సు మంచులో కూరుకుపోయి, పొద్దున్నే చేరాల్సింది మధ్యాహ్నం దాటాక చేరింది. ముక్కుకి సిరా మరకతో తలుపు తీసినవాడు, సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. చివర్లో ఆమె మామూలుగా అడిగింది. "మీ కథల్లో అందరూ ఎవరికోసమో ఎదురుచూస్తుంటారు. మీరెవరికోసం ఎదురుచూస్తున్నారు?"

అతను బొమ్మ గీకుతున్న బ్లేడు పక్కన పెట్టి ఆమెకేసి చూశాడు.

"చాలా ఏళ్ళు ఎవరికోసమో నాకే తెలీదు. ఇవాళ పొద్దున్నుంచి మాత్రం మీకోసం."

అంతే. పిన్నిగారు వేడివేడిగా పుల్లటి సూప్ తెచ్చారు, మాట మారిపోయింది. కానీ ఆ వాక్యాన్ని టైపు చెయ్యడానికి బోగ్నా టేపుని ఎన్నిసార్లు వెనక్కి తిప్పిందో ఆమెకే తెలుసు. చెవులు బాగానే పనిచేస్తాయి ఆమెకి. మొదటిసారే వినపడింది.

ఇప్పుడు మిగతా జవాబుల్లో ఒకటి కొట్టేసిన చోటల్లా ఎర్రసిరాతో ఇంకొకటి రాశాడు, చెక్కముక్కల్లాంటి వాక్యాలు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఊరికే కొట్టేశాడు. బదులు ఏమీ రాయలేదు.

"నేను ఫోన్ చేసి కడిగేస్తాను మేడమ్," అంది బోగ్నా.

"కడుగు. మార్చి సంచికలో నాలుగు పేజీలు ఖాళీగా పెట్టుకున్నాను, అది గుర్తుపెట్టుకుని కడుగు."

* * *

"సెవెరిన్ గారూ, నేను బోగ్నాని. ప్రశ్నలు ఎవరివి?"

"మీవి."

"మరి మీ ఎర్రసిరాకి అక్కడేం పని?"

"మీ ప్రశ్నలు మరీ బావున్నాయండీ. అలాంటి ప్రశ్నలకి నా జవాబులు చూసుకుంటే భయమేసింది. ప్రశ్నలు కాస్త పాడైతే జవాబులు సరిపోతాయని..."

కడగడానికి ఫోన్ చేసిన మనిషికి నవ్వొస్తే ఏం చేస్తుంది? రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుంది. తెక్లా మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అక్కడ చూడ్డానికి ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

"గురువారం వస్తాను. ఎదురెదురుగా కూర్చుని వాక్యం వాక్యం తేల్చుకుందాం," అంది బోగ్నా, గొంతు కటువుగా పెట్టుకుని.

"రండి. పొద్దున బస్సుకేనా?"

ఆ 'పొద్దున' అన్న మాటకి ఆమెకి టేపులోని 'ఇవాళ పొద్దున్నుంచి' గుర్తొచ్చింది. అతనికి ఆ సంగతి తెలీదు.

* * *

గురువారం వెళ్ళింది. నాలుగు వాక్యాలు తేలాయి. ఇంకో గురువారం వెళ్ళింది. మూడు తేలాయి, అంతకుముందు తేలిన రెండు మళ్ళీ మునిగాయి.

"'నాకు రంగులంటే భయం' అన్నారు మీరు. టేపులో ఉంది."

"అన్నాను. కానీ చదివితే పిరికివాడిలా లేదూ?"

"ఇప్పుడు కొత్తగా ఏం రాశారు? 'రంగుల పట్ల నాకొక వినయపూర్వకమైన దూరం ఉంది.' ఇది ఎలా ఉందో చెప్పమంటారా?"

"వద్దులెండి."

"శవయాత్రలో ఉపన్యాసంలా ఉంది."

"వద్దన్నానుగా!"

వంటింట్లోంచి ఒతీలియా పిన్ని తొంగిచూసింది. సెవెరిన్‌ని చిన్నప్పట్నుంచి పెంచింది ఆవిడే. "వీడికి మాటలు రాక కాదమ్మాయ్. మాట్లాడేశాక భయం. చిన్నప్పుడు బళ్ళో పద్యం గడగడా అప్పచెప్పి, ఇంటికొచ్చి మంచం కింద దూరేవాడు."

"పిన్నీ!"

"ఏం, అబద్ధమా? ఇదీ రాసుకో అమ్మాయ్. దీనికి వీడి సంతకం అక్కర్లేదు, నేను పెడతాను."

బోగ్నా వచ్చేటప్పుడు లుబ్లిన్ ఉల్లిపాయ రొట్టెలు తెచ్చేది. వెళ్ళేటప్పుడు అతను కోడిపుంజు ఆకారంలో చేసే కాజిమియెజ్ రొట్టె చేతిలో పెట్టేవాడు. ఏ ఊరి రొట్టె గొప్పదనే దాని మీద ఓ గంట వాదన. అతను పుంజుని జుట్టు వైపు నుంచి తింటాడు. తోక నుంచి తినాలని ఆమె. వాక్యాలు టీ గ్లాసు పక్కన ఓపిగ్గా కూర్చుని ఉండేవి.

అతను పని చేస్తుంటే చూడ్డం ఆమెకి ఇష్టంగా ఉండేది. ముందు గట్టి అట్ట మీద నల్లసిరాతో అంతా వేసేస్తాడు. చెట్లు, నది, ఆకాశం, అన్నీ కిక్కిరిసిపోయి ఉంటాయి. ఆ తర్వాత బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెడతాడు. నల్లదనం లేచిపోయి కింద తెలుపు బయటపడుతుంది. నది మీద మెరుపు, కిటికీలో దీపం, కొంగ రెక్క.

"ఇంత కష్టపడి వేసింది గీకెయ్యడమేంటి?"

"నా బొమ్మల్లో వెలుగంతా గీకేసిన చోటే ఉంటుందండీ. మిగతాదంతా దానికి కాపలా."

"ఇది బావుంది. రాసుకోనా?"

"రాసుకోండి."

"కొట్టెయ్యరుగా?"

"దీన్ని కొట్టెయ్యను," అన్నాడు నవ్వుతూ. నిజంగానే కొట్టెయ్యలేదు. ఆ వాక్యం చివరిదాకా అలాగే ఉంది. దాన్ని టైపు చేసింది కూడా మన బోగ్నాయే. టైపు చెయ్యడం వేరు, బుర్రకెక్కడం వేరు.

మార్చి సంచిక వెళ్ళిపోయింది. అందులో ఆ నాలుగు పేజీల్లో తేనెటీగల మీద వ్యాసం వేసి తెక్లా మేడమ్ పరువు దక్కించుకుంది. "ఏప్రిల్?" అంది మేడమ్. "ఇంకొంచెం ఉంది మేడమ్," అంది బోగ్నా, కళ్ళు కాగితాల మీదే ఉంచి.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. ఆ 'ఇంకొంచెం' ఎందుకు తరగలేదంటే, ఆమె తరగనివ్వలేదు. ఎడమచేత్తో గీకుతాడని తెలిసీ కుడిచెయ్యి అని టైపు చేసింది. పిన్ని పేరులో ఓ అక్షరం మింగేసింది. అతను దిద్దుతాడు, దిద్దితే మళ్ళీ గురువారం. అటు అతనేం తక్కువ తిన్నాడా? మొన్న తను పెట్టించిన కామాని ఇవాళ తనే తీయించేవాడు. ఇద్దరూ కూడబలుక్కోలేదు. ఎవరి దొంగతనం వాళ్ళకే తెలుసు.

ఒక్క ఆ వాక్యం జోలికి మాత్రం ఇద్దరూ వెళ్ళలేదు. ఎర్రగీత కింద అది పడి ఉంది. ప్రతి గురువారం తిరుగు బస్సులో కూర్చోగానే బోగ్నాకి అదే గుర్తొచ్చేది. 'అన్నాడు కదా. మరి ఎందుకు కొట్టేశాడు? ఊరికే అన్నాడా? ఆడపిల్ల ఎదురుగా ఉంటే అందరూ అనే మాటేనా?' ఆ ఒక్కటి తెలిస్తే చాలు ఆమెకి. మిగతా నాలుగు పేజీలూ అతను నదిలో పారేసినా పర్వాలేదు.

* * *

ఏప్రిల్‌లో ఓ గురువారం జోరున వాన. ఇద్దరూ పడవరేవు దగ్గర రేకుల షెడ్డు కిందకి పరిగెత్తారు. కాగితాలు అతని కోటు లోపల, ఆమె అతని గొడుగు కింద. ఆ గొడుగుకి రెండు ఊచలు విరిగి ఉన్నాయి. దానివల్ల భుజాలు ఆనించుకుని నిలబడక తప్పలేదు. తప్పినా నిలబడేవాళ్ళే అనుకోండి.

అవతలి ఒడ్డున పొగగొట్టం మీద కొంగలు వచ్చి వాలాయి. దూరదేశం నుంచి వచ్చిన అలసట ఏమీ లేకుండా ముక్కులు టకటకలాడించుకుంటున్నాయి.

"వచ్చేశాయి," అన్నాడతను.

"మీ కొంగకి ఇక తోడు దొరికినట్టే."

ఇప్పుడు అడక్కపోతే ఇక ఎప్పటికీ అడగలేననిపించింది బోగ్నాకి. తాడో పేడో తేలిపోవాలి.

"ఒక్కటి అడుగుతాను. మొదట్లో మీరు కొట్టేసిన వాక్యం ఒకటుంది. ఎవరికోసం ఎదురుచూస్తున్నారని అడిగితే చెప్పింది. దాన్ని... మళ్ళీ పెట్టుకోవచ్చా?"

అతని మొహంలో రంగు పోయింది.

"అది వద్దండీ."

"ఎందుకు?"

"అది అచ్చులో... అందరూ చదువుతారు. బావుండదు."

అందరూ చదివితే ఈమెకి ఇబ్బందవుతుందేమో, ఉద్యోగం చేసుకునే మనిషి, నలుగురూ నాలుగు మాటలంటారేమో అని అతని బాధ. అది నోటితో చెప్పాడా? చెప్పలేదు. నీళ్ళు నమిలాడు. బోగ్నాకి వినపడింది 'వద్దు' ఒక్కటే.

"నిజమేలెండి," అంది తేలిగ్గా అన్నట్టు. లోపల ఏదో తెగిపడింది. "నోరు జారిన మాటలు అచ్చులో ఎందుకు?"

'నోరు జారిన మాట.' అతను ఆ మాటని మింగలేక మింగాడు. ఈమెకి అది అంతేనన్నమాట, అనుకున్నాడు. మూడు నెలలుగా ఓ పిచ్చివాణ్ణి భరించి, మర్యాదకి ఏమీ అనకుండా ఊరుకుందన్నమాట.

కోటులోంచి కాగితాలు తీశాడు. మోకాలి మీద పెట్టుకుని ప్రతి పేజీ కింద సంతకం చేశాడు. ఆమోదం, ఆమోదం, ఆమోదం.

"మిమ్మల్ని చాలా తిప్పాను. ఏమీ అనుకోకండి," అన్నాడు.

"నా పనేగా," అంది.

అదీ వరస. ఇద్దరికిద్దరూ నోరున్నవాళ్ళు. బతుకుతెరువే మాటలు. ఒక్క మాట అడగలేక, ఒక్క మాట చెప్పలేక, వాన కాస్త తెరిపివ్వగానే చెరో దారి పట్టారు. ఆ రోజు కోడిపుంజు రొట్టె కొనడం అతను మరిచిపోయాడు. ఆమె ఉల్లిపాయ రొట్టెలు రేకుల షెడ్డులో అలాగే ఉండిపోయాయి.

* * *

మే సంచికలో ముఖాముఖి వచ్చింది. చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉందండీ," అన్నారు. బోగ్నా అందరికీ థాంక్స్ చెప్పింది. తను మాత్రం ఆ సంచిక తెరవలేదు.

వేసవంతా పని చేసింది. ఓ శిల్పి రెండు గంటలసేపు తన మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. ఓ కవయిత్రి చదవకుండానే సంతకం పెట్టి పంపేసింది. అది చూసి బోగ్నాకి ఏడుపొచ్చింది. చదవకుండా ఎలా పెడతారు? ఒక్క కామా అయినా మార్చరా మనుషులు?

కాజిమియెజ్ మినీబస్సు ఆగే చోట ఆమెకి పనేమీ లేదు. అయినా సాయంత్రాలు అటే నడిచేది. ఓ రోజు డ్రైవర్ తల బయటపెట్టి, "ఏంటమ్మా, ఈమధ్య నల్లపూసైపోయావు? ఎక్కుతావా?" అన్నాడు.

"లేదండీ, ఊరికే."

ఇంకో రోజూ ఊరికే వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. డ్రైవర్ అడగడం మానేసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

ఆమె బల్ల మీద ఓ కోడిపుంజు రొట్టె ఉండేది. ఆ వానకి ముందు గురువారం అతనిచ్చింది. తినలేదు, పారేయలేదు. తోక దగ్గర ఒక్క గాటు కూడా పెట్టలేదు. అది ఎండి రాయైపోయింది. తెక్లా మేడమ్ కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని వాడుకోబోతే, బోగ్నా చేతిలోంచి లాక్కుంది.

"సరే," అంది మేడమ్ కుర్చీ లాక్కుని. అప్పటికి సెప్టెంబర్ వచ్చేసింది, కొంగలు వెళ్ళిపోయాయి. "ఇవాళ నేను నిన్ను ఇంటర్వ్యూ చేస్తాను. కూర్చో. ఏం జరిగింది?"

మనుషుల చేత మాట్లాడించేవాళ్ళని ఎవరైనా మాట్లాడిస్తే ఇంతే. గట్టు తెగినట్టు చెప్పేసింది బోగ్నా. జనవరి, టేపు, ఎర్రగీత, రేకుల షెడ్డు, అంతా.

"నా పిచ్చి గానీ, అది ఉత్తమాటే కదా మేడమ్? నిజమైతే ఎందుకు కొట్టేస్తాడు?"

తెక్లా మేడమ్ ఆమెకేసి జాలిగా చూసింది.

"నీకంటే ముందు ఆ పేజీలు ఎన్నేళ్ళు రాశానే నేను? ఒక గాయకుడు భార్యంటే ప్రాణం అన్నాడు. ముట్టుకోకుండా సంతకం పెట్టాడు. ఆర్నెల్లకి విడాకులు. అదే మనిషి, 'మా నాన్న అడుగుల చప్పుడు వింటే ఇప్పటికీ వణుకు' అన్నాడు. అది మాత్రం కొట్టేసి పంపాడు. అబద్ధాన్ని ఎవరూ కొట్టెయ్యరే పిల్లా. అబద్ధం చొక్కా గుండీలు పెట్టుకుని ముస్తాబై ఉంటుంది, దాన్ని చూసి ఎవరికి సిగ్గు? జనం బెదిరేది నిజాన్ని చూసుకునే."

బోగ్నాకి ఇంకో వాక్యం గుర్తొచ్చింది.

'నా బొమ్మల్లో వెలుగంతా గీకేసిన చోటే ఉంటుంది.' తనే రాసుకుంది. తనే టైపు చేసింది. అచ్చులో కూడా వచ్చింది, నలుగురూ చదివారు. తను తప్ప.

"మేడమ్, నేనొక గాడిదని."

"ఇది మాత్రం కొట్టెయ్యకు," అంది తెక్లా మేడమ్.

* * *

అక్టోబర్లో నగర గ్రంథాలయంలో సెవెరిన్‌తో పిల్లలకి ఓ సాయంత్రం ముచ్చట్లు ఉన్నాయని ఊళ్ళో కాగితాలు అంటించారు. మాట్లాడించేది ఎవరో ప్రొఫెసర్‌గారు. బోగ్నా ఫోన్ తీసి గ్రంథాలయం వాళ్ళని పట్టుకుంది.

"ఆ కుర్చీ నాకివ్వండి."

"ప్రొఫెసర్‌గారికి మాటిచ్చేశామండీ..."

"ఆయన పిల్లల ముందు 'సృజనలో ఋతువుల పాత్ర' అడుగుతారు. పిల్లలు కుర్చీలు విరగ్గొడతారు. తర్వాత మీ ఇష్టం."

కుర్చీ ఆమెకే దక్కింది.

ఆ సాయంత్రం సెవెరిన్ వేదిక ఎక్కి, ఆమెని చూసి, మెట్టు లేని చోట అడుగు వేశాడు. ముందు వరసలో ఒతీలియా పిన్ని నెత్తి కొట్టుకుంది. బోగ్నాకి అతను చిక్కినట్టు అనిపించింది. ముక్కు మీద సిరా మరక మాత్రం అలాగే ఉంది. దాన్ని చూడగానే ఆమెకి కళ్ళు చెమర్చాయి, మైకు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

"మీరు..." అన్నాడు.

"నేనే. ఇవాళ ఎర్రసిరా పనిచెయ్యదు సెవెరిన్ గారూ. అన్నది అన్నట్టే అందరికీ వినపడుతుంది."

పిల్లలు చేతులెత్తారు. కొంగకి చలెయ్యదా? "వేస్తుంది. అందుకే ఒంటికాలి మీద నిలబడి, రెండోదాన్ని పొట్టలో వెచ్చబెట్టుకుంటుంది." సగం మంది పిల్లలు అక్కడికక్కడే ఒంటికాలి మీద లేచి నిలబడ్డారు. కొంగ ఎవరికోసం ఆగింది? "అది పుస్తకంలో లేదుగా." ఎందుకు లేదు? "వేశాను. తర్వాత గీకేశాను."

"ఎందుకు గీకేశారు?" అని అడిగింది ఈసారి బోగ్నా. పిల్లలు కాదు.

బయట వాన మొదలైంది, పెద్ద కిటికీల మీద దరువేస్తోంది.

"భయమేసింది," అన్నాడు మెల్లగా. "చూసేవాళ్ళకి నచ్చకపోతే అని."

"అయితే పాత ప్రశ్నే మళ్ళీ అడుగుతాను. జనవరిలో అడిగిందే." ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. "మీ కథల్లో అందరూ ఎవరికోసమో ఎదురుచూస్తుంటారు. మీరెవరికోసం ఎదురుచూస్తున్నారు?"

అతను మైకుకేసి చూశాడు. తలుపుకేసి చూశాడు. మంచం కింద దూరడానికి అక్కడ మంచం లేదు.

"చెప్పరా!" అంది ముందు వరసలోంచి పిన్ని. అది మైకు లేకుండానే చివరి వరసదాకా వినపడింది.

"జనవరిలో ఓ రోజు పొద్దున్నుంచి," అన్నాడు సెవెరిన్, బోగ్నా కళ్ళలోకి చూస్తూ, "మీకోసం. ఆ రోజు మీరు ఆలస్యంగా వచ్చారు. వచ్చి వెళ్ళిపోయారు. ఆ ఎదురుచూపు మాత్రం ఇంకా అవలేదు."

పిల్లలకి అర్థమైందో లేదో, చప్పట్లు మాత్రం హాలు కప్పు ఎగిరిపోయేలా కొట్టారు. పెద్దవాళ్ళకి బాగా అర్థమైంది, వాళ్ళు కొట్టడం మరిచిపోయారు. బోగ్నాకి తరవాతి ప్రశ్న ఏదీ గుర్తురాలేదు. రాసి తెచ్చుకున్న కాగితం చేతిలోనే ఉంది, అక్షరాలే అలికేసినట్టున్నాయి.

ఇంతలో పిల్లలంతా పుస్తకాలతో అతని మీద పడ్డారు. కొంగ బొమ్మ వేసివ్వమని ఒకరు, నా పేరు రాయమని ఒకరు. పిన్ని బస్సు టైమైందని గోల. ఆ తొక్కిసలాటలో అతను పిల్లల తలల మీదుగా అరిచాడు.

"ఇది కూడా రాస్తారా మీ పత్రికలో?"

"రాస్తాను!"

"ఆమోదానికి పంపుతారుగా?"

"పంపాలిగా! ఆచారం!"

"అయితే చూస్తాను!"

చూస్తానంటే? ఏం చూస్తాడు? బోగ్నా ఖాళీ అయిన హాల్లో కుర్చీలో కూలబడింది. మనిషి నోటితో అన్నాడు, నిజమే. జనవరిలోనూ అన్నాడు. కాగితం మీద చూసుకున్నాకే కదా అతనికి అసలు భయం పట్టుకునేది.

* * *

ఆ సాయంత్రాన్ని ఆమె ఒక్క మాట కూడా మార్చకుండా రాసింది. పిల్లలు ఒంటికాలి మీద నిలబడ్డం, పిన్ని కేక, అన్నీ. చివర్లో తన ప్రశ్న. దాని కింద అతని జవాబు. ఈసారి కావాలని తప్పేదీ పెట్టలేదు. కవర్లో పెట్టి పంపింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అడక్కండి. పోస్టతను మెట్లెక్కుతుంటే ఆమెకి అన్నం దిగేది కాదు. కొట్టేస్తే? ఈసారి కూడా బదులు ఏమీ రాయకుండా ఓ ఎర్రగీత గీసేస్తే? అప్పుడిక అడగడానికి ఏ ప్రశ్నా మిగలదు.

కవరు వచ్చింది. చేతిలో పట్టుకుని ఆఫీసులో ఇటూ అటూ తిరిగింది. విప్పలేకపోయింది.

"ఇలా తే," అని తెక్లా మేడమ్ లాక్కుని చింపింది. కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"మేడమ్?"

మేడమ్ ఆ పేజీని వెలుతురుకి పట్టుకుంది.

"కొట్టేశాడా మేడమ్?"

మేడమ్ కాగితం ఆమె ముందుకి తోసింది.

బోగ్నా ఒక కన్ను మూసుకుని చూసింది. జవాబు అలాగే ఉంది. 'మీకోసం' అలాగే ఉంది. కామా కూడా కదల్లేదు. కింద సంతకం, ఆమోదం.

కానీ సంతకం కింద ఎర్రసిరా ఉంది.

రెండు క్షణాల తర్వాత, కింద ఉల్లిపాయ రొట్టె కోసం నిలబడ్డవాళ్ళందరికీ మళ్ళీ ఆ గొంతే వినపడింది. ఈసారి అందులో కోపం ఎక్కడా లేదు.

"ప్రశ్న రాశాడు మేడమ్! నా పేజీలో తనే ఓ ప్రశ్న రాశాడు!"

"ఏమని?"

"'మళ్ళీ ఎప్పుడొస్తావు?' అని!" ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలీదు. "కింద జవాబుకి చోటు కూడా వదిలాడు మేడమ్. తెల్లగా."

"మరి జవాబు రాసి పంపు. ఆచారం కదా," అంది తెక్లా మేడమ్ టీ గ్లాసు అందుకుంటూ.

అప్పటికే మెట్ల మీద చప్పుడు. కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చేతిలో రాయైపోయిన కోడిపుంజుని పట్టుకుని, బోగ్నా బస్సు కోసం పరిగెడుతోంది. ఆ రోజు గురువారం కూడా కాదు.